ఎల్‌పీ రికార్డులను అల్ట్రాసోనిక్ తొట్టిలో కడగడం: తిరుపతి ఎండకూ, బోరునీటికీ తగిన పద్ధతి

మా ఇంట్లో రికార్డు ప్లేయరు పూజగదిని ఆనుకొని ఉన్న అలమారాలో ఉండేది. తెల్లవారుజామున సుప్రభాతం ఎల్‌పీ మోగుతుండగానే లోపల అగరొత్తులు, సాంబ్రాణి, కర్పూరం వెలిగేవి. ఆ పొగలోని సన్నని మసి, జిడ్డు గాలిలో తేలివచ్చి, ప్లాస్టిక్కుకు సహజంగా ఉండే స్థిరవిద్యుత్తు వల్ల రికార్డు మీద వాలి, ఏళ్ళ తరబడి గాడుల్లో పేరుకుపోయాయి. తిరుపతిలోనూ, చిత్తూరులోనూ పాత ఇళ్ళ అటకల మీద ఇలాంటి రికార్డులు ఇంకా ఉన్నాయి. వాటిని మెత్తని గుడ్డతో తుడిస్తే పైకి మెరుపు వస్తుంది గాని చిటపట తగ్గదు. ఎల్‌పీ గాడి పైభాగపు వెడల్పు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది; గుడ్డ పోగు గాడి అంచుల మీదుగా జారిపోతుందే తప్ప, ముల్లు ఆని తిరిగే గోడల దాకా దిగదు.

అల్ట్రాసోనిక్ యంత్రం ఆ గోడలను నీటితోనే తోముతుంది. తొట్టి అడుగున అతికించిన స్ఫటికాలు సెకనుకు 40,000 సార్లు కంపించినప్పుడు నీటిలో అతి సూక్ష్మమైన బుడగలు పుట్టి, పెరిగి, ఒక్కసారిగా కూలిపోతాయి. కూలే ప్రతి బుడగా తన పక్కనున్న మురికిని తట్టి లేపుతుంది. నగల దుకాణాలలోనూ, కళ్ళద్దాల దుకాణాలలోనూ చిన్న తొట్టిలో చేసే పని ఇదే. అయితే యంత్రం మురికిని ఊడదీస్తుంది గాని, ఊడిన మురికిని రికార్డు మీద నుంచి బయటికి తీసుకుపోయేవి నీళ్ళు. ఎంత ఖరీదైన యంత్రం కొన్నా, చివరి కడుగు బోరునీటితో ముగిస్తే ఆ శ్రమ వృథా అవుతుంది. అందుకే ఈ వ్యాసంలో యంత్రం కన్నా నీటి గురించే ఎక్కువ చెబుతాను.

ఏ రికార్డులను తొట్టిలో ముంచవచ్చు

వినైల్ అనే ప్లాస్టిక్కుతో చేసిన 33⅓ ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) ఎల్‌పీలను, 45 ఆర్‌పీఎం చిన్న రికార్డులను నిస్సంకోచంగా కడగవచ్చు. 78 ఆర్‌పీఎం రికార్డుల సంగతి వేరు. మన దేశంలో 1960లలో కూడా 78లు తయారయ్యాయి కాబట్టి, మన ఇళ్ళలోని పెట్టెల్లో అవి ఎల్‌పీలతో కలిసిపోయి ఉంటాయి. చిత్తూరు నాగయ్య పాడిన పాటల పాత పలకలు దొరికితే అవి ఈ కోవకే చెందుతాయి. వాటిని కలిపి పట్టి ఉంచే పదార్థం లక్క. వడ్రంగులు బీరువాలకు పాలిష్ వేయడానికి లక్కను స్పిరిటులో కరిగించుకుంటారన్న సంగతి తలచుకుంటే చాలు, ఆల్కహాలు కలిసిన ద్రావణం ఒక్క చుక్క తగిలినా 78 రికార్డు గాడి ఏమవుతుందో అర్థమవుతుంది. పైగా కొన్నింటికి లోపల వేరే పొర ఉండి, అంచు నుంచి నీరు దిగితే ఉబ్బి చీలుతుంది. బరువుగా, వంచితే వంగకుండా పెళుసుగా ఉన్న పది అంగుళాల రికార్డు కనిపిస్తే దానిని పక్కన పెట్టాలి. దానికి ఆల్కహాలు లేని డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి పిండిన మెత్తని బ్రష్షుతో గాడి వెంట తుడిచి, వెంటనే ఆరబెట్టడమే సరైన సేవ.

గీత పడిన రికార్డు గీతతోనే మిగులుతుంది, అరిగిన గాడి అరుగుదలతోనే మిగులుతుంది. శుభ్రపరచడం వల్ల పోయేది మురికి ఒక్కటే. మొదటి ప్రయత్నం ఎప్పుడూ మనకు అంతగా పట్టింపు లేని రికార్డు మీద చేయాలి.

తొట్టి, మోటారు, కొన్ని లెక్కలు

దుకాణాలలో కళ్ళద్దాల కోసం వాడే రెండు లీటర్ల తొట్టి ఎల్‌పీకి పనికిరాదు. ఎల్‌పీ వ్యాసం 30 సెంటీమీటర్లు. రికార్డును నిలువుగా పట్టి, మధ్య లేబులు తడవకుండా గాడులు మాత్రమే మునిగేలా దించినప్పుడు, నీటి మట్టం దగ్గర దాని వెడల్పు 28 సెంటీమీటర్లు దాటుతుంది. అందుచేత లోపలి పొడవు 30, వెడల్పు 15, లోతు 15 సెంటీమీటర్లు ఉండి, సుమారు ఆరు లీటర్ల నీరు పట్టే, 40 కిలోహెర్ట్జ్ తొట్టి కనీస అవసరం. రికార్డు అంచుకూ తొట్టి అడుగుకూ మధ్య రెండు సెంటీమీటర్లకు పైగా ఖాళీ ఉండాలి. అడుగుకు తగిలితే స్ఫటికాలకూ రికార్డుకూ రెంటికీ హాని జరుగుతుంది.

నీటి మట్టం విషయంలో చాలామంది గమనించని ఒక లెక్క ఉంది. మోటారు రికార్డును నెమ్మదిగా తిప్పుతున్నప్పుడు అన్ని గాడులూ సమానంగా మునగవు. లేబులుకు కాస్త కింద వరకే, అంటే కేంద్రం నుంచి 5.2 సెంటీమీటర్ల దూరంలో నీటి మట్టం ఉందనుకుందాం. అప్పుడు బయటి అంచు ప్రతి చుట్టులోనూ దాదాపు 39 శాతం కాలం నీటిలో ఉంటుంది. కేంద్రం నుంచి ఆరు సెంటీమీటర్ల దూరంలోని చివరి గాడి మాత్రం ఆరోవంతు కాలమే ఉంటుంది. అంటే 15 నిమిషాలు తిప్పినప్పుడు బయటి గాడికి దాదాపు ఆరు నిమిషాల స్నానం దక్కితే, లోపలి గాడికి రెండున్నర నిమిషాలే దక్కుతుంది. చివరి పాటలో చిటపట మిగిలిపోవడానికి ఇదొక కారణం. నీటి మట్టం ఇంకొక అర సెంటీమీటరు తగ్గితే ఆ చివరి గాడికి ఒకటిన్నర నిమిషమే దక్కుతుంది. కాబట్టి లేబులుకు రెండు వైపులా రబ్బరు వాషరున్న రక్షణ బిళ్ళలు బిగించి, నీటిని లేబులు అంచుకు రెండు మూడు మిల్లీమీటర్ల దూరం వరకూ ధైర్యంగా తేవాలి.

తిప్పే మోటారు ఎంత నెమ్మదిగా ఉంటే అంత మంచిది. మూడు నిమిషాలకు ఒక చుట్టు సరిపోతుంది. మైక్రోవేవ్ ఓవెన్ పళ్ళెం తిప్పే మోటారు నిమిషానికి అయిదారు చుట్లు తిరుగుతుంది కాబట్టి, చవకగా దొరికినా దానిని వాడవద్దు. వేగం పెరిగితే నీరు కదిలిపోయి బుడగలు కుదురుగా పనిచేయలేవు. ఒకేసారి ఎన్ని రికార్డులు పెట్టవచ్చన్న ప్రశ్నకు నీటిలో ధ్వని తరంగపు పొడవే జవాబు. 40 కిలోహెర్ట్జ్ వద్ద అది దాదాపు 3.7 సెంటీమీటర్లు. రికార్డుల మధ్య కనీసం అంత ఖాళీ వదిలితే పదిహేను సెంటీమీటర్ల తొట్టిలో మూడు పడతాయి. నేను రెండే పెడతాను, ముఖ్యమైనదైతే ఒక్కదానినే పెడతాను.

నీరు

తిరుపతిలో చాలా ఇళ్ళకు బోరునీరే ఆధారం, అది గట్టినీరు. బకెట్ల అంచున, గీజరు లోపల తెల్లగా పేరుకునే పొర ఏమిటో మన ఆడవాళ్ళందరికీ తెలుసు. తడిసిన ఎల్‌పీ మీద అయిదు మిల్లీలీటర్ల నీరు నిలిచి ఆరిపోయిందనుకుందాం. లీటరుకు 500 మిల్లీగ్రాముల లవణాలున్న నీరైతే, ఆరిన తరువాత రెండున్నర మిల్లీగ్రాముల పొడి గాడుల్లోనే ఉండిపోతుంది. మొదటిసారి నేను చివరి కడుగును కొళాయి నీటితోనే ముగించాను. ఆరిన రికార్డు మీద పల్చని తెల్లని మబ్బు కనిపించింది. ముల్లు దించితే కడగక ముందు కన్నా ఎక్కువ కరకర వినిపించింది. ఆ రికార్డును మళ్ళీ మంచి నీటిలో రెండుసార్లు కడిగిన తరువాత గాని అది కోలుకోలేదు.

కావలసింది డిస్టిల్డ్ వాటర్. బ్యాటరీ దుకాణాలలో ఆ పేరుతో అమ్మే నీరు చాలాసార్లు మరిగించి పట్టినది కాక, లవణాలు తీసేసిన నీరై ఉంటుంది. మన పనికి అదీ సరిపోతుంది. అయితే అవే దుకాణాలలో ఆమ్లం కూడా అలాంటి క్యానుల్లోనే ఉంటుంది కాబట్టి, సీలున్న సీసా తీసుకొని, పేరు చదివి, ఇంటికి వచ్చాక నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ముంచి చూడాలి. సంఖ్య 5 దాటకపోతే మంచి నీరు. ఇంట్లోని ఆర్‌ఓ ఫిల్టరు నీటిలో కూడా ఎంతో కొంత లవణం మిగిలే ఉంటుంది కాబట్టి, అది ముందు కడుగుకు పరవాలేదు గాని తొట్టిలోకి గాని, చివరి కడుగుకు గాని తగదు. ఆరు లీటర్లు తొట్టికి, మరో మూడు లీటర్లు చివరి కడుగుకు అని లెక్క వేసుకొని తెచ్చుకోవడం మంచిది.

ద్రావణం కలపడం

వట్టి నీరు ప్లాస్టిక్కు మీద ముత్యాల్లా గుండ్రంగా నిలుస్తుంది. గాడి లోపలికి పారాలంటే దాని తలతన్యత తగ్గాలి. ఆ పని చేసేది సర్ఫాక్టెంటు. అయనులు లేని రకం, అంటే నాన్ అయానిక్ సర్ఫాక్టెంటు కావాలి. ప్రయోగశాలల రసాయనాలు అమ్మే చోట ట్రైటన్ ఎక్స్-100 దొరుకుతుంది. అది తేనెలా చిక్కగా ఉంటుంది కాబట్టి నేరుగా కొలవడం కష్టం. పది మిల్లీలీటర్లను తొంభై మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో నురగ రాకుండా మెల్లగా కలిపి ఒక సీసాలో దాచుకుంటే, ఆరు లీటర్ల తొట్టికి అందులో నుంచి 12 మిల్లీలీటర్లు చాలు. నీటిలో అది 0.02 శాతం అవుతుంది. ఇంతకన్నా ఎక్కువ పోస్తే శుభ్రత పెరగదు, నురగ పెరుగుతుంది, గాడిలో మిగిలే జిగురు పెరుగుతుంది. మందు కాస్త ఎక్కువ పోస్తే మురికి బాగా పోతుందనుకోవడమే ఇంట్లో ద్రావణం కలుపుకునేవారు తరచుగా చేసే తప్పు. ట్రైటన్ విచ్ఛిన్నమైనప్పుడు నీటిలోని జీవులకు హాని చేసే పదార్థం ఏర్పడుతుంది కాబట్టి, వాడిన నీటిని మొక్కలకు పోయకూడదు, బావి దగ్గర పారబోయకూడదు.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ జిడ్డుకూ, బూజుకూ ఉపయోగపడుతుంది. 99 శాతం శుద్ధమైనది తీసుకొని, ఆరు లీటర్లకు 150 మిల్లీలీటర్లు, అంటే రెండున్నర శాతం మించకుండా కలపాలి. చేతులకు రాసుకునే శానిటైజరులో గ్లిసరిన్, సువాసన ఉంటాయి. సర్జికల్ స్పిరిటులో వేరే పదార్థాలు కలిసి ఉండవచ్చు. ఈ రెండూ వద్దు. శుద్ధ ఐసోప్రొపైల్ ఆవిరి 12 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిప్పంటుకునే స్థితికి వస్తుంది. కాబట్టి సీసా మూత తీసే గదిలో దీపం, అగరొత్తి, గ్యాస్ పొయ్యి ఏదీ వెలుగుతూ ఉండకూడదు; కిటికీలు తెరిచి ఉంచాలి. ఏప్రిల్, మే నెలల్లో నేను ఆల్కహాలు పూర్తిగా మానేస్తాను. సర్ఫాక్టెంటు సరిగా ఉంటే అది లేకపోయినా పెద్ద లోటు కనిపించదు.

కుంకుడుకాయ రసం గురించి మా ఊళ్ళో చాలామంది అడుగుతారు. పట్టుచీరకూ, వెండి సామానుకూ అది మంచిదే. నురగనిచ్చే సాపొనిన్లు అందులో నిజంగానే ఉన్నాయి. కాని వాటితోపాటు కాయలోని చక్కెరలు, పీచు నలుసులు కూడా రసంలోకి వస్తాయి. గాడిలో అవి మిగిలితే వానాకాలంలో బూజుకు ఆహారమవుతాయి. అంట్లు తోమే ద్రవాలలో రంగు, వాసన, చిక్కదనం కోసం వేసిన ఉప్పు ఉంటాయి. వీటన్నిటినీ వంటింట్లోనే ఉంచడం మేలు.

వేడి

వినైల్ 60 డిగ్రీలు దాటితే స్పష్టంగా మెత్తబడుతుంది. అయితే అంతకు చాలా ముందే, రికార్డు ఒక చోట బిగించి ఉండి మరొక చోట వేడెక్కితే వంకర తిరిగే ప్రమాదం ఉంది. నేను పెట్టుకున్న హద్దు 35 డిగ్రీలు. 38 చూపిస్తే యంత్రం ఆపేస్తాను. చల్లని దేశాల వారు తొట్టిలోని హీటరు వేసుకోమని చెబుతారు. తిరుపతిలో వేసవి మధ్యాహ్నం గదిలో పెట్టిన నీరే ఆ హద్దుకు చేరువలో ఉంటుంది. పైగా కంపనాల శక్తి అంతా చివరికి వేడిగానే మారి, ఒక్కొక్క విడత నడిపే కొద్దీ నీటిని మరికొన్ని డిగ్రీలు పెంచుతుంది. హీటరు మీట వైపు చేయి కూడా పోనివ్వనక్కరలేదు.

దీనికి తేలికైన ఉపాయం ఉంది. చిన్న ప్లాస్టిక్ సీసాలో నీరు పోసి, గట్టిగా మూత బిగించి, బయటివైపు శుభ్రంగా కడిగి ఫ్రీజరులో గడ్డకట్టించాలి. రెండు విడతల మధ్య, యంత్రం ఆపి ఉన్నప్పుడు, దానిని తొట్టిలో పది నిమిషాలు ఉంచితే నీరు చల్లబడుతుంది. ఐస్ ముక్కలు నేరుగా వేస్తే మనం వద్దనుకున్న లవణాలన్నీ తొట్టిలోకి వస్తాయి. వేసవిలో ఈ పనికి తెల్లవారుజాము అనువైన సమయం.

కడిగే వరుస

ముందుగా మెత్తని బ్రష్షుతో పొడి దుమ్ము తీయాలి. తొట్టిలో నీరు పోసిన తరువాతే, యంత్రం ప్లగ్గును ఎర్త్ ఉన్న సాకెట్టులో తడిలేని చేతితో పెట్టాలి. ఖాళీ తొట్టిని ఒక్క క్షణమైనా నడపకూడదు. కొత్తగా పోసిన నీటిలో గాలి కరిగి ఉంటుంది; ఆ గాలి బుడగల బలాన్ని మెత్తబరుస్తుంది కాబట్టి, రికార్డు పెట్టకుండా పది నిమిషాలు నడిపి గాలిని వెళ్ళగొట్టాలి. యంత్రం సరిగా పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి వంటింటి అల్యూమినియం రేకు ముక్కను నీటిలో నిలువుగా ఒక నిమిషం పట్టుకుంటే, దాని మీద సన్నని గుంటలు, చిల్లులు కనిపించాలి. రేకును పటకారుతో పట్టుకోవాలి. నడుస్తున్న తొట్టిలో వేళ్ళు పెట్టకూడదు.

తరువాత రికార్డు దించి 10 నుంచి 15 నిమిషాలు తిప్పాలి. నీటిలో సన్నని మబ్బులా మురికి దిగడం తొలి రికార్డుకే కనిపిస్తుంది. పూజగది పక్కన పెరిగిన మా ఎల్‌పీ నుంచి దిగిన నీరు లేత టీ రంగుకు వచ్చింది. ఇంతకాలం ముల్లు దాని మీదుగానే నడిచిందా అని మనసు చివుక్కుమంది. పది పన్నెండు రికార్డులకు, లేదా నీరు కంటికి మసకగా కనిపించగానే, ద్రావణం మార్చాలి. ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఫిల్టరు గుండా నీటిని తిప్పే చిన్న పంపు ఉంటే ఇంకొంత కాలం వాడవచ్చు. కాని ఫిల్టరు నలుసులను ఆపుతుంది గాని కరిగిన జిడ్డునూ, లవణాలనూ ఆపదు.

తొట్టిలోంచి తీసిన రికార్డును ఆరబెట్టకుండా, వెంటనే వట్టి డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. లేబులు బిళ్ళలు తీయకుండానే, స్ప్రే సీసాతో రెండు వైపులా గాడి వెంట ధారాళంగా చల్లి, నీరంతా జారిపోయేలా నిలువుగా పట్టుకోవాలి. ఈ కడుగు మానేస్తే సర్ఫాక్టెంటు పొర గాడిలో ఎండి, కొన్నాళ్ళకు ముల్లు కొసన తెల్లని బూడిదలా చేరుతుంది. సమయం లేకపోతే తొట్టిలో ఉంచే కాలాన్ని అయిదు నిమిషాలు తగ్గించుకోండి, చివరి కడుగును మాత్రం తగ్గించుకోవద్దు.

ఆరబెట్టడానికి పళ్ళాలు నిలబెట్టే స్టాండు బాగుంటుంది, గాడి ఉన్న చోట ఏదీ ఆనకుండా అంచు మీద నిలబెట్టాలి. సీలింగ్ ఫ్యాను ఆపి, తలుపు వేసి ఉంచాలి. ఎండలో పెట్టకూడదు, జుట్టు ఆరబెట్టే యంత్రం వాడకూడదు. మామూలు రోజుల్లో గంట, రెండు గంటలు చాలు. ఈశాన్య రుతుపవనాల వేళ, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు రాత్రంతా వదిలేస్తాను.

బూజు పట్టినవి, వరదలో తడిసినవి

బూజు పట్టిన రికార్డును నేరుగా తొట్టిలో వేస్తే దాని బీజాలు తరువాతి రికార్డులన్నిటికీ చేరతాయి. మాస్కు కట్టుకొని, ఆరుబయట, ఆల్కహాలు కలిపిన ద్రావణాన్ని వినైల్ రికార్డు మీద మెత్తని బ్రష్షుతో గాడి వెంట రాసి, కడిగి, ఆ తరువాతే తొట్టిలోకి దించాలి. దాని పాత లోపలి సంచిని పారేయాలి. అట్ట కవరును చల్లని నీడలో విడిగా ఆరబెట్టి, బూజు పోయిందని తేలాకే వాడాలి.

2021 నవంబరులో తిరుపతిని ముంచిన వానలకు పల్లపు ఇళ్ళలోకి బురద వచ్చినట్లు, మళ్ళీ ఎప్పుడైనా వచ్చి రికార్డులు తడిస్తే, బురద ఎండకముందే కవరులోంచి తీసి, పారే నీటి కింద రుద్దకుండా కడగాలి. బురదలోని ఇసుక రేణువు వినైల్ కన్నా గట్టిది. గుడ్డతో ఒక్కసారి తుడిచినా గీత పడుతుంది. ఇక్కడ మాత్రం కొళాయి నీరు వాడవచ్చు, ఎందుకంటే ఆ తరువాత తొట్టి, డిస్టిల్డ్ వాటర్ కడుగు ఎలాగూ ఉన్నాయి.

ఆరిన రికార్డును పాత సంచిలో మళ్ళీ పెట్టకుండా, లోపల పాలిథీన్ పొర ఉన్న కొత్త సంచిలో పెట్టాలి. మెత్తని పీవీసీ సంచులు ఏళ్ళ తరబడి తాకి ఉంటే రికార్డు మీద మసక వదులుతాయి. కవరు వెనుక పెన్సిలుతో కడిగిన తేదీ రాసుకోండి. తరువాత ఒక వైపు పూర్తిగా వాయించి, ముల్లు కొసను భూతద్దంతో చూడండి. కొసన కొంచెం దూది లాంటిది చేరితే, ఊడిన మురికిలో చివరి భాగాన్ని ముల్లు తెచ్చిందని అర్థం. దానిని చిన్న బ్రష్షుతో వెనుక నుంచి ముందుకు తుడిచి, రెండో వైపు వాయించండి. రెండు మూడు సార్లు వాయించిన తరువాత కూడా తెల్లని పొడే వస్తుంటే, చివరి కడుగు చాలలేదని గుర్తించి, ఆ రికార్డును వట్టి డిస్టిల్డ్ వాటర్‌లో మరొకసారి కడగండి.